ఆకురాళ్ళ మోత

మా వడ్రంగం షెడ్డుకీ ఫిట్టర్ల షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. అది కూడా నిలువెత్తు వరకే ఇటుక, పైనంతా రేకు. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల నా క్లాసు పిల్లలు నవ్వేవారు. ఆ ఏడాది ఆ గోడ వెనకనుంచి మధ్యాహ్నాలు ఒక చప్పుడు మొదలయ్యేది. ముందు ఇనుము అరగదీసే ఆకురాయి ఒక్కటి, ముక్కలు బిగించి పట్టే ఇనుప వైసు మీద పడేది. టంగ్. కాస్త ఆగి మళ్ళీ టంగ్. మూడోసారికి ఇంకో రెండు కలిసేవి. ఆ తర్వాత ఇరవై రెండు ఆకురాళ్ళు ఇరవై రెండు వైసుల మీద ఒకే వరసలో పడేవి. రేకు కంపించేది. నా చేతిలో చిత్రిక కూడా ఆగిపోయేది. అరుపులూ కేకలూ ఉంటే అల్లరి అనుకుని ఊరుకోవచ్చు. ఎవ్వరూ నోరు మెదపకుండా చేసే ఆ మోతను మాత్రం అలా అనుకోలేకపోయేవాణ్ణి.

అది పదో తరగతి దాటిన పిల్లలకు చేతిపని నేర్పే ట్రైనింగు స్కూలు. నేను అక్కడ పందొమ్మిదేళ్ళుగా వడ్రంగం మాస్టారిని. ఫిట్టర్ల రెండో సంవత్సరం బ్యాచ్‌కి ఆ ఏడు ఇద్దరు మాస్టర్లు వచ్చి వెళ్ళిపోయారు. మొదటాయన రక్తపోటు అని సెలవు పెట్టి మళ్ళీ రాలేదు. రెండో ఆయన ఏ సాకూ చెప్పకుండానే బదిలీ చేయించుకున్నాడు. ఇద్దరూ వెళ్తూ వెళ్తూ ఒకే పేరు చెప్పారు. ఆ మోత మొదలుపెట్టే అమ్మాయి పేరు. మేమంతా ఆమెను గంటమ్మ అనేవాళ్ళం. పంక్చర్లు వేసే మనిషి కూతురు, పదిహేడేళ్ళది, పొట్టిగా, మోచేతుల దాకా ఎప్పుడూ నల్లగా ఉండేది.

ప్రిన్సిపాల్ గదిలో ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటుండేది. క్రమశిక్షణ తప్పినవాళ్ళ పేర్లు అందులో ఎక్కేవి. ఒకసారి ఎక్కితే వారం రోజులు వరండాలో నిలబెట్టేవారు. రెండోసారికి ఇంటినుంచి పెద్దవాళ్ళను పిలిపించేవారు. మూడోసారికి పేరు కొట్టేసేవారు. గంటమ్మ పేరు అప్పటికి రెండుసార్లు ఎక్కింది. మొదటిది ఆ రక్తపోటు ఆయన రాశాడు. రెండోది రాసింది నేనే. మాస్టారు లేని రోజున ఆ బ్యాచ్‌ని చూసుకోమని నన్ను పంపినప్పుడు, చెప్పిన పని చెయ్యనని మొండికేసిందని రాశాను. నిజానికి ఎందుకు చెయ్యనందో ఆమె చెప్పింది. నేను వినిపించుకోలేదు.

మూడో మాస్టారు వర్షాలు వెనకబడ్డ నెలలో వచ్చాడు. నలభై ఆరేళ్ళ మనిషి, సన్నగా, కుడి భుజం కాస్త కిందికి జారి, చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం. ప్రిన్సిపాల్ ఆ రిజిస్టరు ఆయన చేతిలో పెట్టి, భయం లేకపోతే ఈ బ్యాచ్ మాట వినదని, వారం లోపల ఆ పిల్ల మూడో ఎంట్రీ చూడాలని ఉందని చెప్పాడట. ఈయన రిజిస్టరు తీసుకున్నాడు, బీరువాలో పెట్టాడు, బీరువా తలుపు వేశాడు.

మొదటి రోజు మధ్యాహ్నమే మోత మొదలైంది. ఇక కేక వినపడుతుందని నేను గోడకు చెవి పెట్టినంత పని చేశాను. కేక రాలేదు. తర్వాత పిల్లలు చెప్పగా తెలిసింది. ఆయన నెమ్మదిగా గంటమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి, ఆమె అరగదీస్తున్న ఇనుప ముక్క తీసుకుని, మూలమట్టం ఆనించి వెలుతురులో చూశాడట.

"మీ పని బాగుందండీ. ఈ మూల ఒక్కటీ సందు కనిపిస్తోంది. మీరు ఇంకో పది నిమిషాలు అరగదీస్తే చాలు" అన్నాడట.

క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వు మాత్రం నాకూ వినిపించింది. గంటమ్మ నవ్వలేదట. "ఎగతాళి చేస్తున్నారా సార్?" అని అడిగిందట. లేదనీ, ఇనుము పట్టుకుని పనిచేసేవాళ్ళని తాను మీరనే అంటాననీ చెప్పి ఆయన పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

మరుసటి రోజుకల్లా ఆయనకు 'మీరు మాస్టారు' అని పేరు స్థిరపడింది. స్టాఫ్ రూములో మేం కూడా ఊరుకోలేదు. చీపురుకు కూడా నమస్కారం పెట్టి ఊడుస్తారేమో అని నేనే అన్నాను. ఆయన ఇంట్లో సంగతి ఇంకో తీరు. భార్య రక్త పరీక్షల కేంద్రంలో పనిచేసేది. నేను ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా చేతికిస్తూ, "చూశారా అన్నయ్యా, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన నన్ను నువ్వంటారు, ఆకురాయి పట్టిన పిల్లని మీరంటారు. నేనూ రేపట్నించి ఓ ఆకురాయి కొనుక్కుంటాను" అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఎందుకంటే మోత ఆగలేదు. మర్యాద చూపిస్తే పిల్లలు మంచు ముద్దలా కరిగిపోతారని అనుకునేవాళ్ళకు ఇది చెప్పాలి. మూడు వారాలు ఆయన మీరు మీరు అంటూనే ఉన్నాడు, వాళ్ళు వారానికి మూడు రోజులు మోగిస్తూనే ఉన్నారు. ప్రిన్సిపాల్ రెండుసార్లు మనిషిని పంపి రిజిస్టరు తెప్పించుకుని చూశాడు. కొత్త పేరు ఒక్కటీ లేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, తనిఖీకి పై అధికారులు వస్తున్నారు, ఆయన ముఖం రోజురోజుకీ బిగుసుకుపోతోంది.

ఒకనాడు వరండాలో టీ తాగుతూ 'మీరు మాస్టారు' జేబులోంచి నోటుపుస్తకం తీసి నాకు చూపించాడు. అందులో తేదీలు, పక్కన వేళలు ఉన్నాయి.

"అల్లరికి ఒక వేళంటూ ఉండదు కదండీ. దీనికుంది. ఎప్పుడూ మధ్యాహ్నం రెండు దాటాకే. అదీ లేతు పని ఉన్న రోజే. ఒక్క ఉదయం కూడా మోగలేదు" అన్నాడు.

నేను ఆ పేజీ వైపు చూస్తూ ఉండిపోయాను. లేతు మిషన్లు ఆ షెడ్డులో నాలుగున్నాయి. పొడవాటి బల్లల్లాంటి యంత్రాలు. ఇనుప కడ్డీని బిగిస్తే గిరగిరా తిప్పుతాయి, ఉలి ఆనిస్తే కడ్డీ నున్నగా చెక్కుకుపోతుంది. నాకు ఆ క్షణాన ఏదో గుర్తుకు రాబోయింది. రానివ్వలేదు.

అంతకు పదకొండేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో ఆయన పేరు 'నిప్పు మాస్టారు' అట. ఇది ఆయన మొదట చెప్పింది నాకు కాదు, ఆ ఇరవై రెండు మంది పిల్లలకు. ఒక సోమవారం పనిముట్లు పక్కన పెట్టించి, అందరినీ బల్లల మీద కూర్చోబెట్టి చెప్పాడు. రేకు సందులోంచి నేనూ విన్నాను.

అప్పట్లో తప్పు చేసిన పిల్లవాడి చేత ఐదు కేజీల సుత్తి తలపైకి ఎత్తించి నిలబెట్టేవాడట. ఎడమచేతి వాటం పిల్లవాడొకణ్ణి అలా గంటసేపు నిలబెట్టాడు. మరునాడు ఆ పిల్లవాడు సానబట్టే రాతి చక్రాన్ని చేయి జారి నేల మీద పడేశాడు. చక్రం పైకి బాగానే కనిపించింది. లోపల వెంట్రుకంత పగులు. వాడు చెప్పలేదు. తుడిచి, మిషనుకు బిగించేశాడు. ఆ మధ్యాహ్నం ఇంకో పిల్లవాడు మిషను ఆన్ చేస్తే చక్రం ముక్కలై ఎగిరింది. ఒక ముక్క వాడి కంట్లో దిగింది. ఆ కన్ను పోయింది. విచారణలో చక్రమే నాసిరకం అని తేల్చారు. ఎడమచేతి పిల్లవాడు ఈయనకు మాత్రమే నిజం చెప్పాడు. ఎందుకు ముందే చెప్పలేదురా అంటే, "చెబితే మళ్ళీ సుత్తి ఎత్తిస్తారు కదా సార్" అన్నాడట.

"ఆ మాట నేను విచారణలో చెప్పలేదు. భయపడ్డాను. వాడి మీద జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అది జాలి కాదు" అన్నాడు ఆయన, గోడ అవతల. "ఈ షెడ్డులో ఏది పడేసినా, ఏది పాడైనా, ఎవరికి ఏ తేడా తోచినా వచ్చి చెప్పండి. మీ పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. అది నా పూచీ."

ఆ రోజు ఎవరూ ఏమీ చెప్పలేదు. మరునాడు ఒకడు విరిగిన డ్రిల్లు ముక్క తెచ్చి ఇచ్చాడు. ఇంకొకడు రెండు నెలల కిందట పోయిందనుకున్న కొలత పరికరం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. గురువారం సాయంత్రం అందరూ వెళ్ళాక గంటమ్మ తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదట. అక్కడినుంచే చెప్పింది.

మూడో నంబరు లేతు పట్టుకుంటే చేతికి కరెంటు తగిలి జివ్వుమంటుంది. ఎప్పుడూ కాదు, పొద్దున్నుంచీ తిరిగి వేడెక్కాకే. మొదటి మాస్టారికి చెబితే పని ఎగ్గొట్టడానికి నాటకమని పేరు రాశాడు. వడ్రంగం మాస్టారికి చెబితే ఆయనా రాశాడు. ఇంకోసారి చెబితే పేరు కొట్టేస్తారు. నాన్న వద్దన్నా పట్టుబట్టి చేరిన చదువు. అందుకని ఆ మిషను దగ్గరికి ఎవరి వంతు వచ్చినా మోగించడం మొదలుపెట్టింది. మోగిస్తే పని ఆగిపోతుంది, మాస్టారు తిట్టి వెళ్ళిపోతాడు, ఆ పూట ఎవరూ దాన్ని పట్టుకోరు. మిగతావాళ్ళలో ముగ్గురు నలుగురికి అప్పటికే చెయ్యి జిల్లుమంది. అందుకే అందరూ కలిశారు.

మాస్టారు ఆమెను ఒక్కటే అడిగాడట. ఇన్నాళ్ళూ ఒక్కరికీ ఏమీ కాకుండా చూసింది మీరేనన్నమాట, అని. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఆయన టెస్టరు పెట్టి చూస్తే ఏమీ లేదు. శనివారం మధ్యాహ్నం స్కూలు వదిలాక నన్ను తోడు పిలిచాడు. గంటన్నర సేపు ఆ లేతును ఊరికే తిప్పాం. ఖాళీ షెడ్డులో అది ఒక్కటే తిరుగుతోంది. మేమిద్దరం కర్ర పీటల మీద నిలబడ్డాం. ఆయన మళ్ళీ టెస్టరు ఆనించాడు. లోపలి చిన్న దీపం ముందు వెలగలేదు. తర్వాత ఎర్రగా, సన్నగా, ఎవరో కన్ను తెరిచినట్టు వెలిగింది. మెయిన్ ఆపి, కింద రేకు విప్పి చూశాం. భూమిలోకి వెళ్ళాల్సిన ఎర్తు వైరు తెగి ఉంది. తెగిన కొస మీద కూడా మిషన్లకు వేసిన ఆకుపచ్చ రంగే. అంటే పోయిన తనిఖీకి ముందు మిషన్లకు రంగు వేసినప్పటికే అది తెగి ఉంది. ఎవరో చూడకుండానే దాని మీదుగా రంగు పూసేశారు.

అప్పుడు నేను ఆయనతో అన్నాను, ఆ రెండో ఎంట్రీ చేతిరాత నాదేనని. "తెలుసు" అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆయన మిషను స్విచ్చు బాక్సుకు సొంత తాళం వేసి, ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చాడు. ఎర్తు వైరు ఒక్కటే కాదు, వేడెక్కితే మోటారు తీగచుట్టలోంచి కూడా కరెంటు కారుతోంది, విప్పి మార్చాలి అని. ప్రిన్సిపాల్ చదివి, ఈ మాట ముందు ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరో తెలిశాక కాగితం పక్కన పడేశాడు. పది రోజుల్లో పరీక్ష, నాలుగు లేతుల్లో ఒకటి మూలబడితే పైవాళ్ళకు ఏం చెప్పాలి, ఆ పిల్ల మాట పట్టుకుని సర్కారు సొమ్ముకు తాళం వేస్తారా అని మెమో ఇచ్చాడు. మెమోకు జవాబు చెప్పుకోవడానికి మాస్టారు బుధవారం పెద్దాఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ తాళం చెవి నాకు ఇవ్వలేదు. "మీ దగ్గరుంటే మీరు ఇవ్వాల్సి వస్తుంది" అన్నాడు. నన్ను ఎంత సరిగ్గా అంచనా వేశాడో.

ఆ బుధవారం ఫిట్టర్ల షెడ్డు నాకు అప్పజెప్పారు. తొమ్మిది గంటలకు ప్రిన్సిపాల్ వాచ్‌మన్‌ను తీసుకొచ్చి, రంపంతో తాళం కోయించాడు. ఎర్తు వైరు మాట నేను ఎత్తబోతే, అతికించేశారని చెప్పాడు. అతికించింది ఎవరో, ఎప్పుడో అడగలేకపోయాను. లేతు ఆన్ చేసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరగనివ్వండి, దాని రోగమేమిటో అందరం చూద్దాం అని వెళ్ళిపోయాడు. ఉదయమంతా అది తిరిగింది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు, నేను పొమ్మనలేదు. ఇనుము చెక్కేటప్పుడు చల్లబరిచే నీళ్ళు దాని కింద పాలలా తెల్లగా కారి మడుగు కట్టాయి. పన్నెండింటికి గంటమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సార్, అది ఇప్పుడు వేడెక్కి ఉంటుంది. ఆపేయండి సార్" అంది.

నేను ప్రిన్సిపాల్ గది వైపు చూశాను. సాయంత్రం దాకా ఓపిక పట్టమన్నాను. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. రెండున్నరకు ప్రిన్సిపాల్ మనిషిని పంపాడు, పిల్లలు వంతులవారీగా మూడో నంబరు మీద పని మొదలుపెట్టారా అని. మనిషి ఆ మాట అంటుండగానే టంగ్ అని మోగింది.

గోడ అవతలినుంచి అన్ని నెలలు విన్నాను గాని, ఆ చప్పుడు మధ్యలో నిలబడడం వేరు. పళ్ళలోంచి వినిపిస్తుంది. ఇరవై రెండు మంది ముఖాలూ ఒకలాగే ఉన్నాయి. ఎవరిలోనూ ఆకతాయితనం లేదు. ప్రిన్సిపాల్ ఎర్ర రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆపమన్నాడు. ఆగలేదు. నిలబడే పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ, రిజిస్టరు నా చేతుల్లో కుక్కి, గబగబా లేతు దగ్గరికి నడిచాడు.

"ఇదిగో, చూడండి. ఏమవుతుందో చూడండి" అని ఎడమచెయ్యి పక్క వైసు మీద ఆనించి, కుడిచెయ్యి లేతు మీద వేశాడు.

ఆయన కదలలేదు. పంతానికి అలా నిలబడ్డాడనే అనుకున్నాను. దవడ బిగించి మమ్మల్నే చూస్తున్నట్టుంది. మోత ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆయన చెయ్యి మాత్రం లేతును వదలడం లేదు. మెడ మీద నరం లేచింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. నేను ఆయన భుజం పట్టుకోబోయాను.

"ముట్టుకోకండి!" అని గంటమ్మ నన్ను మోచేత్తో తోసేసి, స్తంభం దగ్గరికి పరుగెత్తి మెయిన్ పిడి కిందికి లాగింది. ఫ్యాన్లు, దీపాలు, నాలుగు లేతులు, అన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన కింద పడిన చప్పుడు వినిపించింది.

ప్రాణం పోలేదు. అరచేయి కాలింది, భుజం కీలు తప్పింది, పడేటప్పుడు పక్కటెముకలు రెండు విరిగాయి. ఆసుపత్రినుంచే ఆయన వేరే చోటికి బదిలీ పెట్టుకున్నాడు. మళ్ళీ మా స్కూలు గడప తొక్కలేదు. రిజిస్టరు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. "బ్యాచ్‌ను రెచ్చగొట్టి పని ఆపినందుకు" అని గంటమ్మ పేరు పక్కన సగం వాక్యం ఉంది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. నన్ను పిలిచే ముందు రోజు రాత్రంతా నేను నిద్రపోలేదు. పందొమ్మిదేళ్ళ సర్వీసు, ఇంకా ఏడేళ్ళుంది. మొదట ఒకలా చెబుదామనుకున్నాను. గదిలో కూర్చున్నాక మాత్రం, ఆ అమ్మాయి ఎనిమిది నెలల కిందటే నాతో చెప్పిందనీ, నేను వినకుండా ఆమె పేరు రాశాననీ, ఆ రోజు కూడా పన్నెండింటికే చెప్పిందనీ చెప్పేశాను. అధికారి తలెత్తి, మీరు చెబుతున్నది మీకే ఇబ్బంది అని తెలుసా అన్నాడు. తెలుసన్నాను. తేలింది ఇది. ఎర్తు వైరును ఎవరూ అతికించలేదు. గంటమ్మ ఎంట్రీలు మూడూ కొట్టేశారు. నాకు మందలింపు వచ్చింది. అనుమతి లేకుండా యంత్రానికి తాళం వేసినందుకు 'మీరు మాస్టారి'ని దూరపు ఊరికి మార్చారు. లేతుకు కొత్త మోటారు వచ్చింది.

గంటమ్మ ఆ ఏడాదే పాసైంది. ఇప్పుడు నీటి పంపులు బాగుచేసే చోట పనిచేస్తోందని విన్నాను. ఒకసారి బజారులో ఎదురుపడింది. "ఎలా ఉన్నారమ్మా?" అన్నాను. నా నోటినుంచి ఆ మాట వినడం ఆమెకు కొత్త. ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూసి, బాగున్నానని చెప్పి వెళ్ళిపోయింది. క్షమించిందని నేను అనుకోవడం లేదు. అడగనూ లేదు.

పోయిన నెల మాస్టారు ఫోను చేశాడు. కొత్త ఊళ్ళో అంతకు వారం ముందు ఇంకో బ్యాచ్ అప్పజెప్పారట. ముప్ఫై మంది. ఆయన లోపలికి వెళ్ళగానే అందరూ ఒక్కసారిగా లేచి, చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడ్డారట. కూర్చోండి అంటే కూర్చున్నారట. ఏమైనా అడగండి అంటే ఎవరూ అడగలేదట. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అక్కడి ప్రిన్సిపాల్ గర్వంగా చెప్పాడట, మా దగ్గర ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదని.

"వారం నుంచీ ఇంతేనండీ. మీరని పిలిచినా పలకడం లేదు. పద్నాలుగు మిషన్లున్నాయి ఇక్కడ. నాకు భయంగా ఉంది" అన్నాడు.

నేను ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. ఆయన వెనకాల, ఫోనులో, ఏ చప్పుడూ లేదు.